సైకెడెలిక్ ఫోక్ రాక్ తొలి ఆల్బమ్: బెంగళూరులో పుట్టి తెలుగు దాకా రానిదెందుకు

క్లుప్తంగా: జానపద పాటను రాక్ గిటార్‌తో, సాగే ప్రతిధ్వనులతో కలిపే సైకెడెలిక్ ఫోక్ రాక్ బ్యాండ్ల తొలి ఆల్బమ్‌లు వాటి స్టేజీ ప్రదర్శనల కంటే పొట్టిగా, సాదాగా ఉండడం 1966 నుంచీ కనిపిస్తున్న విషయమే. రికార్డింగ్ పద్ధతి, స్టూడియో ఖర్చు, పాట నిడివి మీద ఉండే ఒత్తిడి ఇందుకు ముఖ్య కారణాలు. బెంగళూరులో ఈ ధోరణికి దగ్గరగా ఉన్న బ్యాండ్లు కన్నడ, హిందీ, ఉర్దూ, కశ్మీరీ భాషల్లో తొలి ఆల్బమ్‌లు తెచ్చాయి. నగరంలో తెలుగువాళ్లు లెక్కకు మించి ఉన్నా తెలుగులో అలాంటి ఆల్బమ్ అరుదు. తెలుగు జానపదం ఏ దారుల్లో జనంలోకి వెళ్తోందో చూస్తే దీనికి చాలావరకు జవాబు దొరుకుతుంది.

పేరు చుట్టూ గందరగోళం

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు ఉద్యోగాలు చేసుకునే తెలుగు కుర్రకారుకి ఈ సంగీతం మొదట ఏ పబ్బులోనో, కాలేజీ ఫెస్టులోనో తగులుతుంది. గిటార్ ఒకే శ్రుతిని పట్టుకుని ఊగుతూ ఉంటుంది, గాయకుడు ఒక పల్లవిని పదే పదే తిప్పుతాడు, పాట పది నిమిషాలు దాటినా ఎవరూ కదలరు. మర్నాడు ఫోన్‌లో ఆ బ్యాండ్ ఆల్బమ్ వెతికి వింటే అదే పాట ఐదు నిమిషాల్లో అయిపోతుంది. లైవ్‌లో ఉన్న కిక్ రికార్డులో లేదేంటి అన్నది ఆ తర్వాత వచ్చే సందేహం.

ఇంకో సందేహం పేరు గురించి. సైకెడెలిక్ అంటే మత్తుమందుల సంగీతమా? పుట్టుకలో ఆ సంబంధం ఉంది, దాచాల్సిన పని లేదు. స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో తయారుచేసిన ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు ప్రభావం 1943లో బయటపడింది. 1960ల మధ్యకి అది కాలిఫోర్నియా సంగీతకారుల్లోకి పాకింది. కాలం సాగిపోతున్నట్టు, శబ్దం వెనకాల తోక వదులుతున్నట్టు అనిపించే ఆ అనుభవాన్ని వాళ్లు పరికరాలతో అనుకరించారు. ప్రతిధ్వని పెంచారు, టేపును వెనక్కి తిప్పారు, గొంతును తిరిగే స్పీకర్ గుండా పంపారు. మందు పోయినా ఆ పద్ధతులు శైలిగా నిలిచిపోయాయి. ఇవాళ ఆ పేరు పెట్టుకున్న బ్యాండ్‌ని చూసి సభ్యుల అలవాట్లు ఊహించడం, భజన విని పాడేవాడి ఉపవాసాలు లెక్కపెట్టడం లాంటిదే. తెల్లవార్లూ సాగే భజనలో కూర్చున్నవాళ్లకు, ఒకే మాట వందసార్లు తిరిగితే మనసు ఏమవుతుందో ఏ మందూ లేకుండానే తెలుసు.

తంబురా, గిటారూ ఎక్కడ కలుస్తాయి

ఈ శైలి భారతీయ చెవికి తొందరగా పట్టడానికి ఒక సాంకేతిక కారణం ఉంది. దీన్ని అర్థం చేసుకుంటే మిగతా చాలా విషయాలు తేలికవుతాయి.

పాశ్చాత్య పాప్ పాట మామూలుగా కార్డుల మీద, అంటే కలిపి ఒకేసారి మోగించే స్వరాల మీద నడుస్తుంది. నాలుగైదు కార్డులు మారుతూ ఉంటే వాటి పైన పాట కదులుతుంది. మన సంగీతంలో కింద షడ్జమం (స) మారదు. తంబురా ప, స, స, స అంటూ మోగుతూనే ఉంటుంది, రాగం దాని పైన తిరుగుతుంది. ఈ రెండు పద్ధతులనీ నేరుగా కలిపితే శ్రుతి తేడా బయటపడుతుంది. గిటార్ మెట్ల మీద పక్కపక్క స్వరాల మధ్య దూరాన్ని 100 భాగాలనుకుంటే, దాని గాంధారం (గ) షడ్జమానికి 400 భాగాల ఎత్తులో ఉంటుంది. తంబురా నాదంలోంచి సహజంగా పలికే అంతర గాంధారం దాదాపు 386 దగ్గర ఉంటుంది. ఆ 14 భాగాల తేడా నెమ్మది పాటలో చెవికి గుచ్చుకుంటుంది. పంచమం (ప) విషయంలో మాత్రం తేడా రెండు భాగాలే, ఎవరూ పట్టించుకోరు.

రాక్ గిటార్ ఈ చిక్కును తెలియకుండానే తప్పించింది. శబ్దాన్ని బరకగా చేసే డిస్టార్షన్ పెట్టినప్పుడు గాంధారం ఉన్న పూర్తి కార్డు గరగరలాడుతుంది కాబట్టి, రాక్ వాద్యకారులు దాన్ని వదిలేసి షడ్జమం, పంచమం మాత్రమే మీటుతారు. దాన్నే పవర్ కార్డ్ అంటారు. చూస్తే అది తంబురా శ్రుతే. అందుకే గట్టిగా మోగే గిటార్ పైన ఒక తత్వమో, కన్నడ శివశరణుల వచనమో పాడితే అతికించినట్టు అనిపించదు. సినిమా పాటలో అదే తత్వం కింద వయొలిన్ల బృందంతో కార్డులు మార్చినప్పుడు కొంత ఊరి వాసన పోవడానికీ కారణం ఇదే కావచ్చు.

బ్రిటన్‌లో ఈ దారి కొంచెం ముందే పడింది. డేవీ గ్రాహం అనే జానపద గిటారిస్టు 1960ల తొలి ఏళ్లలో గిటార్ తీగలను డి, ఎ, డి, జి, ఎ, డి అని శ్రుతి చేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. మొరాకోలో విన్న సంగీతాన్ని గిటార్ మీద పలికించాలన్నది అతని ప్రయత్నం. అలా శ్రుతి చేస్తే మీటని తీగలు కింద ఆధారంగా మోగుతూనే ఉంటాయి. 1965 డిసెంబరులో బీటిల్స్ ఆల్బమ్‌లో సితార్ వినిపించింది. 1966లో వచ్చిన రివాల్వర్ ఆల్బమ్ చివరి పాటలో తంబురా ఆధారం మీద టేపు చుట్టలు తిప్పారు. 1967 జూన్‌లో సితార్ విద్వాంసుడు రవిశంకర్ కాలిఫోర్నియాలో మాంటెరీ పాప్ ఉత్సవంలో వాయించారు. ఆయనకి ఈ మత్తు సంస్కృతితో తన సంగీతాన్ని ముడిపెట్టడం నచ్చలేదు, ఆ మాట చాలాసార్లు చెప్పారు కూడా.

తొలి ఆల్బమ్ ఎందుకు చప్పగా ఉంటుంది

ఈ శైలికి పేరు తెచ్చిన బ్యాండ్లలోనే తొలి ఆల్బమ్‌లు కొంచెం మెతకగా ఉన్నాయి. స్కాట్లండ్‌కు చెందిన ఇన్‌క్రెడిబుల్ స్ట్రింగ్ బ్యాండ్ 1966లో తెచ్చిన మొదటి రికార్డు చాలావరకు మామూలు జానపద వాయిద్యాల ఆల్బమ్. సితార్, తంబురా, మొరాకో వాద్యం గింబ్రీ, అంతుచిక్కని పదచిత్రాలు ఇవన్నీ 1967లో వచ్చిన రెండో ఆల్బమ్‌లో కనిపిస్తాయి. రెండింటికీ నిర్మాత జో బాయిడే.

గ్రేట్‌ఫుల్ డెడ్ విషయం ఇంకా స్పష్టం. శాన్‌ఫ్రాన్సిస్కోలో గంటల తరబడి ఆగకుండా వాయించే బ్యాండ్‌గా అప్పటికే వాళ్లకు పేరుంది. 1967 మార్చిలో వచ్చిన తొలి ఆల్బమ్‌ను లాస్ ఏంజిలిస్‌లో సుమారు నాలుగు రోజుల్లో రికార్డు చేశారు. తొమ్మిది పాటల్లో ఎక్కువ భాగం పాత జానపద, బ్లూస్ పాటలే. కొన్నింటిని కత్తిరించి మరీ చేర్చారు. పది నిమిషాల నిడివి ఒక్క పాటకే దక్కింది. వేగం కూడా అవసరానికి మించి ఉందని బ్యాండ్ సభ్యులే తర్వాత చెప్పుకున్నారు. 1968లో రెండో ఆల్బమ్‌కి వచ్చేసరికి కచేరీ రికార్డింగులనీ స్టూడియో రికార్డింగునీ ఒకదానిలో ఒకటి కలిపేశారు, అందుకు నెలల సమయం పట్టింది.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, ముందు డబ్బు. కొత్త బ్యాండ్ స్టూడియోను గంటల లెక్కనో, షిఫ్టు లెక్కనో తీసుకుంటుంది. ఆలోచించుకుంటూ వాయించే సంగీతానికి గడియారం శత్రువు. అందువల్ల ముందే గట్టిపడిన పాటలే టేపుకెక్కుతాయి.

తర్వాత క్లిక్. ఇప్పటి రికార్డింగులో డ్రమ్మర్ చెవిలో లయ కొట్టుకుంటూ ఉంటుంది, దానికి తగ్గట్టు ఒక్కొక్కరూ విడివిడిగా వాయిస్తారు. తప్పు పడితే ఆ ముక్క మాత్రం సరిచేసుకోవచ్చు, అదీ దీని సౌకర్యం. స్టేజీ మీద మాత్రం పాట మధ్యలో వేగం కొంచెం పెరుగుతుంది, గాయకుడు సాగదీస్తే మిగతావాళ్లు ఆగుతారు. డప్పు, కంజీర, ఢోలక్ లాంటి వాద్యాల ఊపు ఆ హెచ్చుతగ్గుల్లోనే ఉంటుంది. క్లిక్ దాన్ని చదును చేసేస్తుంది. అందరూ ఒకే గదిలో కూర్చుని ఒకేసారి వాయిస్తే ఊపు నిలుస్తుంది, కానీ గిటార్ శబ్దం డ్రమ్స్ మైకులోకి, డ్రమ్స్ శబ్దం గొంతు మైకులోకి కారుతుంది. ఆ తర్వాత శబ్దాలన్నిటినీ సరిపాళ్లలో కలిపే మిక్సింగ్‌లో ఏ ఒక్కదాన్నీ విడిగా తాకలేరు. బాగా సాధన ఉన్న బ్యాండ్ మాత్రమే ఆ రిస్కు తీసుకోగలదు, తొలి ఆల్బమ్ నాటికి ఆ ధైర్యం అందరికీ ఉండదు.

మిక్సింగ్‌లో మరో తలనొప్పి తంబురాది. బ్రిడ్జి మీద తీగ కింద పెట్టే నూలు దారం వల్ల దానికి ఆ రవరవలాడే గుణం వస్తుంది. ఆ పై స్వరాలు డ్రమ్స్ పళ్లేల శబ్దం ఉండే చోటే కూర్చుంటాయి. రెండూ నిలవాలంటే ఒకదాన్ని తగ్గించాలి. ఎక్కువసార్లు తగ్గేది తంబురానే.

బెంగళూరు ఇచ్చిన చోటు

రఘు దీక్షిత్ ప్రాజెక్ట్ తొలి ఆల్బమ్ 2008లో వచ్చింది. హిందీ సినిమా సంగీత దర్శకులు విశాల్, శేఖర్ జంట నడిపిన రికార్డు కంపెనీ దాన్ని విడుదల చేసింది. అందులో 19వ శతాబ్దపు కన్నడ సాధు కవి శిశునాళ షరీఫ్ తత్వపదం ఒకటి గిటార్ ఊపుతో యువతలోకి వెళ్లింది. మైసూరు మూలాలున్న స్వరాత్మ 2009లో, కర్ణాటక సంగీతాన్ని రాక్‌తో కలిపిన ఆగమ్ 2012లో తొలి ఆల్బమ్‌లు తెచ్చాయి. వీటిలో ఏదీ పూర్తి సైకెడెలిక్ కాదు, ఒకటి పండగలాంటి ఫోక్ రాక్, ఒకటి నాటకీయత ఉన్నది, మూడోది క్లిష్టమైన అల్లికలుండే ప్రోగ్రెసివ్ రాక్ వైపు మొగ్గుతుంది.

ఆ మాటకు నిజంగా దగ్గరగా వచ్చింది పర్వాజ్. 2010లో బెంగళూరులో మొదలైన ఈ బ్యాండ్ గాయకుడు, గిటారిస్టు కశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు. పాటలు ఉర్దూలో, కశ్మీరీలో ఉంటాయి. 2012లో ఈపీ, అంటే కొద్ది పాటల చిన్న రికార్డు తెచ్చి, పూర్తి నిడివి తొలి ఆల్బమ్ 'బారాన్' కోసం 2014 దాకా ఆగారు. ఆ ఆగడం వల్లే, పైన చెప్పిన తొలి ఆల్బమ్ జబ్బు దానికి అంతగా అంటలేదనిపిస్తుంది. నెమ్మదిగా పైకి లేచే పొడుగాటి పాటలకు అందులో జాగా దొరికింది.

ఇక్కడే ఎందుకంటే, కొంత వేదికల వల్ల. 1996లో మొదలైన ఫ్రీడమ్ జామ్ లాంటి ఉచిత కచేరీలు, కాలేజీ పోటీలు, 2013 నుంచి 2019 దాకా ఇందిరానగర్‌లో నడిచిన హమ్మింగ్ ట్రీ లాంటి చోట్లు సొంత పాటలు వాయించే బ్యాండ్లకు చోటిచ్చాయి. కొంత భాషల వల్ల. ఏ పబ్బులోనూ అందరికీ ఒకే మాతృభాష ఉండదు. మాట అర్థం కాకపోయినా ఊపు పట్టుకునే శ్రోతలు దొరికినప్పుడు కశ్మీరీలో పాడినా ఇబ్బంది లేదు.

అలాగని ఊరు అంతా పూలబాట ఏమీ కాదు. డ్యాన్స్ బార్లను, లైవ్ బ్యాండ్ రెస్టారెంట్లను అదుపు చేయడానికి తెచ్చిన 2005 నాటి లైసెన్సు ఉత్తర్వును సుప్రీంకోర్టు 2018 జనవరిలో సమర్థించింది. ఆ ఏడాది పోలీసు నోటీసులు మామూలు సంగీతం నడిచే పబ్బులకూ వెళ్లడంతో చాలాచోట్ల గిగ్‌లు, అంటే బ్యాండ్ల ప్రదర్శనలు కొంతకాలం ఆగిపోయాయి. డ్యాన్స్ బార్ కోసం రాసిన నిబంధన ఒక ఫోక్ బ్యాండ్ సంపాదన మీద పడింది. లైవ్ ఆదాయంతో ఆల్బమ్ ఖర్చు కూడబెట్టుకునే బ్యాండ్లకు ఇది నేరుగా తగిలే దెబ్బ.

తెలుగు ఎక్కడ ఆగింది

కన్నడ బ్యాండ్లకు షరీఫ్ దొరికినట్టు తెలుగుకి ఎవరూ లేరా అంటే, బెంగళూరు నుంచి రెండు గంటల లోపు ప్రయాణంలోనే ఉన్నారు. చింతామణి దగ్గర కైవారంలో జీవించిన యోగి నారేయణ, జనం పిలుపులో కైవారం తాతయ్య, కన్నడతో పాటు తెలుగులోనూ తత్వాలు పాడారు. కోలారు, చిక్కబళ్లాపురం పల్లెల్లో వాటిని భజన బృందాలు ఇప్పటికీ పాడుతున్నాయి. అటు రాయలసీమలో బ్రహ్మంగారి తత్వాలు, ఏకతారతో తిరిగే బైరాగులు ఉన్నారు. ఉత్తరాంధ్ర జముకుల కథలో జముకు వాద్యం సంగతే వేరు. తీగ బిగువు మారుస్తూ మీటితే స్వరం వంగుతూ లేస్తుంది. శబ్దాన్ని మార్చే ఎఫెక్ట్స్ పెడల్ కొని రాక్ గిటారిస్టు తెచ్చుకునే శబ్దం దాదాపు అదే.

ముడిసరుకు కొరత లేదు. అది వెళ్లే దారులు వేరు. తెలుగు జానపదానికి ఒక పెద్ద దారి సినిమా, రెండోది ఉద్యమాలు, ఇప్పుడు మూడోది యూట్యూబ్ వీడియో పాట. ఈ మూడింటికీ ఒక పోలిక ఉంది. అన్నిటిలో మాట ముందుంటుంది. ఉద్యమ పాటలో మాట వినపడకపోతే పాటే లేదు. సినిమా పాటలో సాహిత్యం స్పష్టంగా లేకపోతే మిక్సింగ్ బాగాలేదంటారు. సైకెడెలిక్ రికార్డులో గొంతును కావాలనే వాద్యాల మధ్యకు తోస్తారు, దానికి ప్రతిధ్వని పులుముతారు, ఒక్కోసారి మూడు నిమిషాలు మాటే ఉండదు. తెలుగు శ్రోతకు అది లోపంగా వినిపించే అవకాశం ఎక్కువ.

సినిమా ఆకర్షణ కూడా తక్కువది కాదు. హైదరాబాద్‌లో చౌరస్తా అనే బ్యాండ్ తెలుగు జానపదాన్ని జమైకా రెగే లయతో కలిపి సొంత పాటలతో పేరు తెచ్చుకుంది. దాని గాయకుడు రామ్ మిరియాల 2021లో జాతిరత్నాలు సినిమా పాటతో ఇంటింటికీ తెలిశాడు. ఇందులో తప్పుపట్టాల్సింది లేదు. ఒక పాటకి సినిమా వల్ల వచ్చే డబ్బూ, చేరే జనమూ బ్యాండ్‌కి ఏళ్లు పట్టినా దొరకకపోవచ్చు. కానీ నలుగురైదుగురు రెండేళ్లు ఒకే గదిలో సాధన చేస్తే తప్ప రాని శబ్దం ఈ శైలికి ఆధారం. గొంతు ఒక్కటి బయటికి వెళ్లినా ఆ సాధన తెగిపోతుంది.

బెంగళూరులోని తెలుగు శ్రోతల సంగతి మరోలా ఉంది. వాళ్లలో పెద్ద భాగం తెలుగు కచేరీ అంటే సినిమా గాయకుల కచేరీనే అనుకుని టికెట్ కొంటారు. పబ్బు తెలుగు నైట్ పెట్టినా డీజే వేసేది సినిమా పాటలే. సొంత పాటలున్న తెలుగు బ్యాండ్ కవర్స్ (వేరేవాళ్ల పాటలు) వాయించకుండా శ్రోతలను గంటన్నర నిలబెట్టడం ఇక్కడ కష్టం.

హక్కుల మెలిక

తత్వాలు పాతవి కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు అన్నది సగం నిజం. భారత కాపీరైటు చట్టంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. 19వ శతాబ్దపు సాహిత్యానికి ఆ గడువు ఎప్పుడో తీరింది. బాణీ మాత్రం పాతది కాకపోవచ్చు. ఆధునిక స్వరకర్త కట్టిన వరసనే జనం సంప్రదాయ వరస అనుకుంటుంటారు. షరీఫ్ పదాల్లో చాలావాటిని ఇప్పటి శ్రోతలకు చేర్చింది స్వరకర్త సి. అశ్వథ్ బాణీలు. తెలుగు తత్వాన్ని తీసుకునే బ్యాండ్ కూడా, తాము విన్న వరస ఊళ్లో పాడేదా, క్యాసెట్ కోసం కట్టిందా అని ముందు తేల్చుకోవాలి. లేకపోతే ఆల్బమ్ వచ్చాక నోటీసు వస్తుంది. ఇక ఏ గ్రామంలో ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల పేరు వేయడం చట్టం అడగని పని. సినిమాల్లోకి వెళ్లిన జానపద పాటల మీద రేగే గొడవలు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే.

స్ట్రీమింగ్ తెచ్చిన మార్పు

ఎల్‌పీ, అంటే పెద్ద గ్రామఫోన్ రికార్డుల కాలంలో పరిమితి భౌతికమైనది. ఒక వైపు 20 నిమిషాలకు కొంచెం అటూ ఇటూ. ఇప్పుడు ఆ గోడ లేదు, బదులుగా లెక్కల గోడ ఉంది. స్పాటిఫైలో 30 సెకన్లు విన్న పాట ఒక స్ట్రీమ్. పన్నెండు నిమిషాల పాటకీ రెండు నిమిషాల పాటకీ విలువ ఒకటే. అంటే ఒక పొడుగాటి పాట స్థానంలో నాలుగు చిన్నవి పెట్టిన బ్యాండ్‌కే లాభం. పైగా 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీమ్‌లు రాని పాటకు అక్కడ రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు. తొలి ఆల్బమ్‌లోని తొమ్మిదో పాట తరచూ ఈ గీత కిందే ఉండిపోతుంది.

ఒక మేలు కూడా జరిగింది. ఈ యాప్‌లు అన్ని పాటల శబ్దాన్నీ ఒక మట్టానికి తెస్తాయి. గతంలో పక్క పాట కంటే గట్టిగా వినపడాలని మాస్టరింగ్‌లో (విడుదలకు ముందు చివరి మెరుగులు దిద్దే దశలో) చిన్న, పెద్ద శబ్దాల తేడా లేకుండా అంతా పిండేసేవాళ్లు. నెమ్మదిగా మొదలై పైకి లేచే సంగీతానికి అది ఉరితాడు. ఇప్పుడు అలా పిండినా పెద్దగా ఫలితం లేదు కాబట్టి, లేవడం పడడం ఉన్న రికార్డు కొంత ఊపిరి పీల్చుకుంది.

ముందు ఏం జరగొచ్చు

కొత్త బ్యాండ్లు ఆల్బమ్‌కి ముందే ఒకే గదిలో చిత్రీకరించిన లైవ్ సెషన్ వీడియోలు విడుదల చేసే పద్ధతి ఇప్పటికే బలపడింది. పొడుగు పాట వీడియోగా, దాని పొట్టి రూపం స్ట్రీమింగ్‌లో ఉంటాయి. దీనివల్ల స్టేజీకీ రికార్డుకీ మధ్య దూరం శ్రోతకు ముందే తెలుస్తుంది, నిరాశ తగ్గుతుంది. ఆల్బమ్ అనేది మాత్రం అమ్మకపు వస్తువుగా ఇంకా పలచబడుతుంది. ఉత్సవాల నిర్వాహకులకు, విదేశీ వేదికలకు చూపించే పరిచయ పత్రంగానే దానికి ఎక్కువ విలువ ఉంటుంది.

తెలుగులో ఈ తరహా తొలి ఆల్బమ్ వస్తే అది హైదరాబాద్ కంటే బెంగళూరు నుంచి రావడానికి వీలు ఎక్కువ. సినిమా స్టూడియోలు పక్కన లేకపోవడం ఇక్కడ అడ్డంకి కాదు, కొంత రక్షణ. ఉద్యోగ జీతంతో స్టూడియో అద్దె కట్టుకోగల వాద్యకారులు తెలుగువాళ్లలో ఉన్నారు, తత్వాలు పాడే పల్లెలు పక్క జిల్లాలో ఉన్నాయి. లేనిదల్లా ఆ ఇద్దరినీ కలిపే మధ్య మనిషి. బ్రిటన్‌లో జో బాయిడ్ చేసిన నిర్మాత పని అదే. బెంగళూరు కన్నడ బ్యాండ్లలో ఆ పాత్రను బ్యాండ్ నాయకులే పోషించారు, ఎందుకంటే వాళ్లు ఆ పదాలు చిన్నప్పటి నుంచి వింటూ పెరిగారు. అపార్ట్‌మెంట్లలో పెరుగుతున్న తెలుగు పిల్లలకు కైవారం పేరు బస్సు బోర్డు మీద తప్ప తెలియదు. అందువల్ల మొదటి అడుగు గిటారిస్టుల కంటే ముందు, గురుపూజకో ఆరాధనకో వెళ్లి ఆ భజనలను శుభ్రంగా రికార్డు చేసి పెట్టే వాళ్ల నుంచి పడే అవకాశమే ఎక్కువ.